తలసీమియా వాహక దంపతులు పిండాల జన్యు పరీక్షకు సిద్ధం కావలసిన తీరు

ఒంట్లో తగినంత హిమోగ్లోబిన్ తయారుకాని వంశపారంపర్య రక్త వ్యాధి బీటా తలసీమియా. భార్యాభర్తలిద్దరూ దాని వాహకులైతే, అంటే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో లోపం ఉన్నవారైతే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రమైన వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకంగా పుట్టే అవకాశం 50 శాతం, ఆ లోపమే లేకుండా పుట్టే అవకాశం 25 శాతం ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకుంటూ, ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులు వాడుతున్న బిడ్డను ఇప్పటికే పెంచుతున్న తల్లిదండ్రులు రెండో కాన్పు మాట ఎత్తడానికే భయపడతారు. అండాన్ని, వీర్యకణాన్ని ఒంటి బయట ల్యాబ్‌లో కలిపే ఐవీఎఫ్ చికిత్సలో పిండాన్ని గర్భాశయంలోకి పంపకముందే జన్యు పరీక్ష చేసే పీజీటీ-ఎం పద్ధతి అలాంటివారికి ఒక దారి చూపుతుంది. అయితే ఈ పరీక్ష మనం అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. ఆ ప్రశ్నను కచ్చితంగా సిద్ధం చేసుకోవడం ఐవీఎఫ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందే పూర్తి కావలసిన పని.

ముందుగా వాహకత్వాన్ని నిర్ధారించుకోవాలి. వాహకులు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. రక్తం తక్కువగా ఉందన్న కారణంతో వారిలో చాలామంది ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతూ వచ్చి ఉంటారు. మామూలు రక్త పరీక్షలో ఎర్రకణాల పరిమాణాన్ని తెలిపే ఎంసీవీ 80 కంటే తక్కువగా ఉంటే రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగాలి. అందులో హెచ్‌బీ ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం విలువ 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా వాహకులుగా పరిగణిస్తారు. ఇనుము లోపం ఉన్నవారిలో ఈ విలువ తగ్గి కనిపించవచ్చు కనుక, ఫలితం సరిహద్దులో ఉంటే డీఎన్ఏ పరీక్షతో తేల్చుకోవడం మంచిది. మేనరికం చేసుకునేటప్పుడు “బ్లడ్ గ్రూపులు వేరు కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు” అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. బ్లడ్ గ్రూపుకూ ఈ జన్యు లోపానికీ సంబంధం లేదు. ఆ మాటను నమ్మి పరీక్ష చేయించుకోని దంపతుల విషయంలో నాకు నిజంగా బాధ కలుగుతుంది.

వాహకులని తెలిసినంత మాత్రాన సరిపోదు. 11వ క్రోమోజోమ్ మీద ఉండి హిమోగ్లోబిన్ తయారీని నడిపే హెచ్‌బీబీ జన్యువులో వందల రకాల మార్పులు తలసీమియాకు కారణం కాగలవు; వాటిలో ఐవీఎస్ 1-5 అనేది మన దేశంలో ఎక్కువగా కనిపిస్తుంది. భార్యలో ఏ మార్పు ఉందో, భర్తలో ఏది ఉందో పేరుతో సహా రాసిన నివేదిక చేతిలో ఉండాలి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి వైద్య జన్యుశాస్త్ర విభాగం, డీఎన్ఏ పరిశోధన సంస్థ అయిన సీడీఎఫ్‌డీ వంటి సంస్థలు జన్యు సలహాకు, నిర్ధారణకు పేరున్నవి. ఆ నివేదిక అందాక పీజీటీ ల్యాబ్ దంపతుల రక్తంతోపాటు వ్యాధి ఉన్న బిడ్డ నమూనాను, బిడ్డ లేకపోతే అమ్మమ్మ, తాతయ్య, నానమ్మల నమూనాలను అడుగుతుంది. పిండం నుంచి తీసే కణాలు కొద్దిగానే ఉండటంతో, పరీక్షలో జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి అసలు కనబడకుండా పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే వాహక పిండం లోపమే లేనిదిగానో, వ్యాధి ఉన్నదిగానో కనిపించవచ్చు. అందుకే జన్యువుకు ఇరువైపులా ఉన్న డీఎన్ఏ గుర్తులు ఎవరి నుంచి ఎవరికి వచ్చాయో కుటుంబ నమూనాలతో ముందే గుర్తించి, మార్పుతో కలిపి చూస్తారు. ఈ సన్నాహానికి వారాలు పడుతుంది. ఎక్కించిన రక్తంలోని దాత డీఎన్ఏ నమూనాలో కలిసి ఉండవచ్చు కనుక, బిడ్డకు ఆఖరుసారి రక్తం ఎక్కించిన తేదీని ల్యాబ్‌కు తప్పక చెప్పాలి.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద, ఐవీఎఫ్ వంటి చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. 2021 చట్టం ప్రకారం చికిత్స పొందే స్త్రీకి 21 నుంచి 50 ఏళ్ల మధ్య, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. పిండం ఆడో మగో అడగడమూ, చెప్పడమూ నేరమే. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది మీ హక్కు. తెలుగులో ఇవ్వమని నిస్సంకోచంగా అడగండి. పరీక్ష రుసుము పిండానికి ఇంత అని లెక్కగడతారా, పరీక్షకు తగిన పిండమే రాకపోతే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

చికిత్సలో సుమారు 10 నుంచి 12 రోజుల హార్మోన్ ఇంజెక్షన్ల తర్వాత అండాలను సేకరిస్తారు. అండం పొరకు అంటుకున్న ఇతర వీర్యకణాల డీఎన్ఏ పరీక్షలో కలవకుండా ఉండటానికి, ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని పంపే ఇక్సీ పద్ధతిని సాధారణంగా వాడతారు. ఐదో రోజుకో ఆరో రోజుకో పిండం బ్లాస్టోసిస్ట్ దశకు చేరుతుంది. అప్పుడు మాయగా మారబోయే వెలుపలి పొర నుంచి ఐదు నుంచి పది కణాలు తీసి ల్యాబ్‌కు పంపి, పిండాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. గర్భాశయంలో ప్రవేశపెట్టడం తర్వాతి నెలల్లో జరుగుతుంది.

ఫలితాల దగ్గర చాలామంది తడబడతారు. వాహక పిండం వ్యాధి ఉన్న పిండం కాదు. దాని నుంచి పుట్టే బిడ్డ ఆ తల్లిదండ్రుల్లాగే ఆరోగ్యంగా ఉంటుంది. వాహకమన్న కారణంతో దానిని పక్కన పెట్టడం, ఉన్న కొద్దిపాటి అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే. సగటున నాలుగింట మూడు పిండాలకు వ్యాధి ఉండదు కానీ, మూడే పిండాలు వచ్చినప్పుడు ఆ సగటు మన పక్షాన ఉంటుందన్న హామీ లేదు. పెద్ద బిడ్డకు మూలకణ మార్పిడి కోసం కణజాల రకాన్ని తెలిపే హెచ్‌ఎల్‌ఏ సరిపోలిక కూడా కావాలనుకుంటే, వ్యాధి లేకుండా, సరిపోలిక కూడా ఉండే అవకాశం 16లో 3 మాత్రమే. ఆ దారిలో ఒకటికి మించి చికిత్సలు అవసరం కావచ్చని ముందే మనసును సిద్ధం చేసుకోవాలి.

క్రోమోజోముల సంఖ్యను చూసే పీజీటీ-ఏ పరీక్షను కూడా కలిపి చేయించుకోమని కొందరు సూచిస్తారు. అది తలసీమియాను చూడదు. అందరికీ దానివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువు కాలేదు. భార్య వయసు, గతంలో జరిగిన గర్భస్రావాలు చూసి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

గర్భం నిలిచాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. పిండ పరీక్షలో పొరపాటు జరిగే అవకాశం తక్కువే అయినా సున్నా కాదు. అందువల్ల 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి నమూనా తీసే సీవీఎస్ పరీక్షతో గానీ, 16వ వారం దాటాక ఉమ్మనీటి పరీక్షతో గానీ నిర్ధారించుకోమని డాక్టర్లు సలహా ఇస్తారు. పుట్టిన బిడ్డ వాహకమైతే ఆ నివేదికను టీకాల కార్డుతోపాటు భద్రపరచి, పెళ్లీడు వచ్చేనాటికి ఆ బిడ్డ చేతికే అందించండి.