ఇంప్లాంట్ తెరిచాక చిగురు మాట వినకపోతే

చిగురు కింద మూడు నెలలో ఆరు నెలలో దాచిన ఇంప్లాంట్‌ను (పన్ను వేరుకు బదులు ఎముకలో బిగించిన స్క్రూను) తెరిచి, హీలింగ్ అబట్‌మెంట్ అనే క్యాప్ పెట్టడం పది నిమిషాల పనే. క్రౌన్ (పైన కూర్చే పన్ను) పెట్టేటప్పుడు పడే తిప్పలు చాలావరకు ఆ పది నిమిషాల్లో పుట్టినవే.

క్యాప్ చుట్టూ చిగురు కదులుతోంది, బ్రష్ తగిలితే మంట

కారణం చాలాసార్లు పంచ్, అంటే చిగురును గుండ్రంగా కోసే పరికరం. రక్తం పెద్దగా రాదు, కుట్లు అక్కర్లేదు, అందుకే చెయ్యి దానిమీదికే పోతుంది. కానీ కోసి ట్రేలో పడేసే ఆ ముక్కే మనకు కావాల్సిన గట్టి చిగురు. తెరిచే ముందు ప్రోబ్‌ను (చిగురు కొలిచే సన్నటి కడ్డీని) పడుకోబెట్టి, బుగ్గ లోపలి మెత్తటి చర్మాన్ని ఇంప్లాంట్ వైపు తోయండి. ముడత ఎక్కడ ఆగిందో గట్టి చిగురు అక్కడ మొదలు. పంచ్ కొట్టాక బుగ్గ వైపు 2 మి.మీ. మిగలదనిపిస్తే నేను పంచ్ ముట్టుకోను. కోతను కాస్త అంగిలి వైపు, కింది దవడలోనైతే నాలుక వైపు జరిపి, ఉన్న గట్టి చిగురునంతా బుగ్గ వైపుకు తెచ్చి కుడతాను. ఇప్పటికే పోయిందా? అంగిలి నుంచి ఫ్రీ గ్రాఫ్ట్ (కోసి తీసిన చిగురు ముక్క) తెచ్చి వేయాలి. అదీ క్రౌన్‌కు ముందే. తర్వాతైతే పని రెట్టింపు.

హీలింగ్ అబట్‌మెంట్ చివరిదాకా దిగడం లేదు

ఇంప్లాంట్ నోరు మూసి ఉంచే కవర్ స్క్రూ అంచు మీదికి ఎముక పెరిగి ఉంటుంది, లేదా చిగురు ముక్క ఇరుక్కుని ఉంటుంది. ఎక్స్‌రేలో ఇంప్లాంట్‌కూ అబట్‌మెంట్‌కూ మధ్య నల్లటి గీత కనిపిస్తే అదే. ఇంప్లాంట్ అంచు తగలకుండా చుట్టూ ఎముక చెక్కే బోన్ ప్రొఫైలర్‌తో, సెలైన్ పోస్తూ ఎముక తీయాలి. మామూలు బర్ (డ్రిల్ మొన) వాడితే ఇంప్లాంట్ అంచే చెడుతుంది.

బిగించగానే చిగురు తెల్లబడితే కంగారు వద్దు, పది పదిహేను నిమిషాల్లో రంగు తిరిగొస్తుంది. రాకపోతే సన్నది పెట్టండి. ఇంప్లాంటే తిరుగుతూ నొప్పి అంటే మాత్రం సంగతి వేరు: ఎముక ఇంకా పట్టలేదు. అక్కడే ఆపి, కవర్ స్క్రూ వేసి ఆగాలి. అటూఇటూ ఊగుతుంటే తీసేయడమే.

ముందు పన్ను: క్రౌన్ చుట్టూ నల్లటి సందు

క్యాప్ గుండ్రన, ముందు పన్ను మెడ ముక్కోణం. గుండ్రటి కన్నంలోంచి అసలు పన్నులాంటిది రాదు. స్క్రూతో బిగించే తాత్కాలిక క్రౌన్ పెట్టి, దాని మెడకు విడతలవారీగా కాంపోజిట్ (పంటి రంగు రెసిన్) చేరుస్తూ చిగురును మలచాలి.

మలిచిన ఆకారం క్రౌన్ తీసిన కొన్ని నిమిషాల్లోనే ముడుచుకుపోతుంది. అందుకే తాత్కాలిక క్రౌన్‌ను అనలాగ్‌కు (ఇంప్లాంట్ నమూనాకు) బిగించి, మెడ మునిగేదాకా పుట్టీలో (అచ్చు తీసే ముద్దలో) గుచ్చండి. గట్టిపడ్డాక క్రౌన్ విప్పి, ఇంప్రెషన్ కోపింగ్ (అచ్చు తీసేటప్పుడు ఇంప్లాంట్‌కు బిగించే ముక్క) పెట్టి, చుట్టూ ఉన్న ఖాళీలో ఫ్లోయబుల్ (జారుడు) కాంపోజిట్ నింపి, లైటుతో క్యూర్ చేసి గట్టిపరచండి. ఆ కోపింగ్‌ను నోట్లో బిగించి అచ్చు తీస్తే చిగురు అచ్చం అదే ఆకారంలో ల్యాబ్‌కు చేరుతుంది. ఈలోగా క్రౌన్ నోట్లో తిరిగి పెట్టడం మరవద్దు!

సందు చిగురుతో నిండుతుందని ముందే మాటివ్వకండి. సహజ దంతాల మీద 1992లో దంతవైద్య పరిశోధకుడు టార్నో బృందం చూపిందేమిటంటే, పళ్లు తాకేచోటు నుంచి ఎముక దాకా 5 మి.మీ. లోపుంటే దాదాపు ఎప్పుడూ నిండింది. 7 అయితే నిండినవి మూడోవంతు కూడా లేవు. పక్క పన్ను మీది ఎముకను కొలిచాకే నోరు విప్పాలి.

గడువుకు ముందే కవర్ స్క్రూ తొంగిచూస్తోంది

లాగి కుట్టినా నిలవదు. సగం తెరిచిన కన్నంలో పాచి చేరుతుంది. ఇంప్లాంట్ గట్టిగా ఉంటే అక్కడే హీలింగ్ అబట్‌మెంట్ పెట్టేసి, రోజూ ఎలా శుభ్రం చేసుకోవాలో పేషెంట్ చేతికి అద్దమిచ్చి చూపించండి.