ఒంట్లో ఉప్పూ నీళ్లూ – 4: చిటికెడు కొలత కాదు

పోయిన పాఠంలో మీ ఇంట్లో వారానికి ఎంత ఉప్పు ఖర్చవుతుందో తూచి చూడమన్నాను. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఉన్న ఇంట్లో ఆ గీత దాటకపోతేనే ఆశ్చర్యం. మామూలు రోజుల్లో మనకు ఉప్పులో ఉండే సోడియం కొరత రాదు. విరేచనాలు పట్టుకున్న రోజు సంగతి వేరు. ఈ పాఠం ఆ రోజు కోసమే.

అప్పుడు నీటితోపాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి. ఉత్త నీళ్లు తాగితే పోయిన లవణాలు తిరిగి రావు. ఉత్త ఉప్పునీళ్లు సరిగా ఒంటబట్టవు. చిన్నపేగు గోడలోని ఒక ప్రొటీన్, గ్లూకోజు తోడుంటేనే సోడియాన్ని లోపలికి లాగుతుంది. వాటి వెనకే నీరు వెళుతుంది. ఉప్పునీళ్లలో పంచదార వేసేది రుచికి కాదన్నమాట, ఆ గ్లూకోజు కోసం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ లవణాలూ గ్లూకోజూ కలిపిన ఇలాంటి ద్రావణాన్నే డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేత తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

లవణాలూ గ్లూకోజూ సరైన పాళ్లలో కలిపిన పొడే ఓఆర్ఎస్; దాని ప్యాకెట్ దొరికితే అదే మేలు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. ఒకసారి నేను సగం పొడి గ్లాసులో వేసి ఇచ్చాను; ఉప్పు అంత చిక్కబడితే మేలు కన్నా కీడే ఎక్కువ.

ప్యాకెట్ లేకపోతే: కాచి చల్లార్చిన లీటరు నీళ్లు, ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, గోపురంలా కాదు, చాకు వెనకవైపుతో గీసి సమం చేసినది. అర చెంచాకు దగ్గు మందు సీసాపై వచ్చే మూతలోని 2.5 గీత చక్కగా పనికొస్తుంది. మెత్తని ఉప్పే వాడండి; కల్లుప్పు రాళ్ల మధ్య ఖాళీలుంటాయి, కొలత తప్పుతుంది. కలిపాక నాలుక మీద వేసుకోండి. కన్నీటికన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. మిగిలినది మర్నాటికి ఉంచవద్దు.

ఇందులో పొటాషియం లేదు. అరటిపండు, కొబ్బరినీళ్లు ఆ లోటు తీరుస్తాయి. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ కాబట్టి అవి ఒక్కటే సరిపోవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇవేవీ తీసుకోకూడదు. మలంలో రక్తం పడినా, మూత్రం రాకపోయినా, పిల్లలు మగతగా ఉన్నా చెంచాలు పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

అభ్యాసం: అందరూ బాగున్న ఈ రోజే ఒక లీటరు కలపండి. రుచి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో మరొకరి చేత, మీరు నోరు మెదపకుండా, కలిపించి చూడండి.