పీఎస్5 రిమోట్ ప్లే: ఊరెళ్లే ముందు చూసుకోవాల్సినవి

పీఎస్5 (ప్లేస్టేషన్ 5) గేమ్ కన్సోల్ విజయవాడ ఇంట్లో, మీరేమో గుంటూరు హాస్టల్లో. ఇంట్లోని కన్సోల్ ఆటలను నెట్ ద్వారా ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఆడుకోవడమే రిమోట్ ప్లే. అలా ఆడుకోవాలంటే బస్సెక్కక ముందే ఇవి సరిచూసుకోండి.

• సెట్టింగ్స్‌లో రిమోట్ ప్లే ఆన్ చేయండి. కన్సోల్‌లో, ఫోన్‌లో ఒకే ప్లేస్టేషన్ అకౌంట్ ఉండాలి.

• రెస్ట్ మోడ్ (కన్సోల్ నిద్రలో ఉండే స్థితి) సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ నిలిపి ఉంచే ఆప్షన్, నెట్‌వర్క్ నుంచి పీఎస్5 ఆన్ చేసే ఆప్షన్ రెండూ ఆన్‌లో ఉండాలి. కన్సోల్‌ను పూర్తిగా ఆపేయకుండా రెస్ట్ మోడ్‌లోనే వదలండి.

• అసలు చిక్కు కరెంటుతోనే. రెస్ట్ మోడ్‌లో ఉండగా కరెంటు పోతే కన్సోల్ పూర్తిగా ఆగిపోతుంది, ఇక దూరం నుంచి లేపలేరు. ఇంట్లో అమ్మో తమ్ముడో బటన్ నొక్కాల్సిందే. అందుకే కన్సోల్, రౌటర్, ఫైబర్ బాక్స్ మూడింటికీ యూపీఎస్ ఉండాలి. రౌటర్ ఒక్కదానికే పెడితే లాభం లేదు. బెజవాడ మే నెల ఎండల్లో కన్సోల్‌ను టీవీ అరలో బిగించి మూసేయకండి, గాలి ఆడనివ్వండి.

• నెట్ వేగం కనీసం 5 ఎంబీపీఎస్ కావాలి, 15 ఉంటే మేలు. బయటి నుంచి ఆడేటప్పుడు ఇంటి అప్‌లోడ్ వేగం కీలకం, చాలామంది డౌన్‌లోడ్ మాత్రమే చూస్తారు. వీలైతే కన్సోల్‌కు లాన్ కేబుల్ పెట్టండి.

• 15 ఎంబీపీఎస్ లెక్కన గంటకు 6.75 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ ఇరవై నిమిషాలు కూడా రాదు.

• స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఆడితే, అవగానే సైన్ అవుట్ చేయండి.

• చివరగా ఇంట్లోనే ఫోన్ వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఒక ఆట ఆడి చూడండి.