రెండో రొమ్ము కూడా తీయించుకోవాలా? సంతకం పెట్టే ముందు ఇవి చూస్కోండి

ఒక పక్క కాన్సర్ అని బయాప్సీలో తేలగానే చాలామంది డాక్టర్‌ని పట్టుకుని అడిగేది "రెండోది కూడా తీసేయండి, మళ్ళీ ఈ నరకం నావల్ల కాదు" అనే. మా అక్క కూడా అదే అంది, ఆ భయంలో తప్పేం లేదు. కానీ దీనికి తొందర లేదండీ. వచ్చిన కాన్సర్‌కి ట్రీట్‌మెంట్ ఆగకూడదు, అంతే. బాగున్న రొమ్ము సంగతి కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక నిదానంగా తేల్చుకోవచ్చు, ఆలస్యమైందని ఏమీ చేజారిపోదు.

ముందు జీన్ టెస్ట్ చేయించుకోండి. రక్తమో ఉమ్మో ఇస్తే చాలు, రిపోర్ట్ రావడానికి కొన్ని వారాలు పడుతుంది. వయసు 50 లోపు ఉన్నా, ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్ మాత్రలు, హెర్2 మందులు పనిచేయని రకం) అని వచ్చినా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా అడిగి మరీ రాయించుకోండి. బ్రాకా1 అనే జీన్‌లో మార్పు ఉంటే 20 ఏళ్ళలో రెండో పక్క వచ్చే అవకాశం దాదాపు 40 శాతం, బ్రాకా2 అయితే 26 శాతం. ఏ మార్పూ లేనివాళ్ళకి ఏడాదికి సుమారు అర శాతమే, అందులోనూ హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం) అయ్యి టామాక్సిఫెన్ లాంటి మాత్రలు వాడుతుంటే ఇంకా తగ్గుతుంది. ఏంజెలీనా జోలీ 2013లో చేయించుకుంది కదా అని చాలామంది అంటారు, ఆమెకి బ్రాకా1 ఉంది, అప్పటికి కాన్సర్ రాలేదు, మీ కేసు అదే అవ్వాలని లేదు. ఇంకో మాట, రిపోర్ట్‌లో వీయూఎస్ అని ఉంటే అది మంచిదో చెడ్డదో ఇంకా తేలని మార్పు, దాన్ని పట్టుకుని మాత్రం ఆపరేషన్‌కి వెళ్ళకండి.

కౌన్సెలింగ్‌కి వెళ్ళే ముందు రెండు వైపుల చుట్టాల సంగతీ కనుక్కోండి. అమ్మ వైపే అడిగి ఊరుకుంటారు, కానీ ఈ మార్పు నాన్న నుంచి కూడా అంతే వస్తుంది, అందుకే మేనత్తలు, నాయనమ్మ, వాళ్ళ అక్కచెల్లెళ్ళ గురించి గుచ్చి గుచ్చి అడగాలి. మన ఇళ్ళల్లో ఆడపిల్లల పెళ్ళిళ్ళకి అడ్డమని దాచేస్తారు, "ఏదో కడుపులో గడ్డ వచ్చి పోయింది" అంటారు, ఆ గడ్డ అండాశయం కాన్సర్ అయ్యుండొచ్చు. బ్రాకా ఉందని తేలితే అండాశయాలు తీయించే విషయం కూడా అడగాల్సిందే, ఎందుకంటే అండాశయం కాన్సర్‌ని ముందే పట్టుకునే నమ్మకమైన టెస్ట్ లేదు.

రెండోది తీయిస్తే ఆ పక్క రిస్క్ 90 శాతానికి పైగా తగ్గుతుంది, సున్నా అవ్వదు, కొంచెం కణజాలం ఎలాగూ మిగులుతుంది. మొదటి కాన్సర్ ఎముకలకో లివర్‌కో పాకే ప్రమాదాన్ని ఇది ఆపదు, జీన్ మార్పు లేనివాళ్ళకి దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు. తీయించుకోకపోతే ఏటా మమోగ్రామ్, బ్రాకా ఉన్నవాళ్ళకి ఎంఆర్ఐ కూడా, అదీ ఒక దారే. డాక్టర్‌ని "మీ బిడ్డకైతే ఏం చేస్తారు" అని కాకుండా "నా రిపోర్ట్‌తో నా రిస్క్ ఎంత" అని అడగండి.

చేయించుకుందామని తేల్చుకున్నారా, షుగర్ ఉంటే కంట్రోల్‌లోకి తెచ్చుకోండి, లేదంటే గాయం మానడం కష్టమవుతుంది. రొమ్ము ఆకారం మళ్ళీ తెప్పించే రీకన్‌స్ట్రక్షన్‌కి ఇంప్లాంటా, పొట్ట కండతో చేసేదా, అసలు ఏదీ వద్దా అని ప్లాస్టిక్ సర్జన్‌తో ముందే మాట్లాడుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ప్రీ ఆథరైజేషన్ (ఖర్చు ఇస్తామనే ముందస్తు అనుమతి) రాతపూర్వకంగా తీస్కోండి, ఫోన్‌లో ఊ అన్నది లెక్కలోకి రాదు. అమెరికాలో ఉన్నవాళ్ళకి 1998 చట్టం ఉంది, మాస్టెక్టమీకి (రొమ్ము తీసే ఆపరేషన్‌కి) కవరేజీ ఇచ్చే ప్లాన్ అయితే రీకన్‌స్ట్రక్షన్‌కీ, రెండు పక్కలూ సమానంగా కనిపించడానికి చేసే సర్జరీకీ కూడా ఇవ్వాలి.

ఇంటికొచ్చాక ముందు గుండీలున్న నైటీలే పనికొస్తాయి, తల మీంచి వేసుకునేవి కుదరవు. గాయంలోంచి ట్యూబ్ ద్వారా నీరు చేరే డ్రెయిన్ బాటిల్‌ని నైటీ లోపల పిన్నుతో తగిలించి, రోజూ పొద్దున, సాయంత్రం ఎన్ని ఎంఎల్ వచ్చిందో రాసి పెట్టండి, అది బాగా తగ్గాకే ట్యూబ్ తీస్తారు. జడ వేసుకోవడానికి, కుక్కర్ దించడానికి కొన్నాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. ఛాతీ మీద స్పర్శ చాలామందికి పూర్తిగా తిరిగి రాదు, కాబట్టి నొప్పిగా ఉందని వేడినీళ్ళ బ్యాగ్ పెట్టకండి, కాలినా తెలీదు.

తీసిన రొమ్మునీ పాథాలజీకి (ల్యాబ్ పరీక్షకి) పంపిస్తారు, ఆ రిపోర్ట్ విడిగా అడిగి తీస్కోండి. అందులో ఎప్పుడైనా దాగున్న కాన్సర్ బయటపడొచ్చు, అందుకే ఆ పక్కకి ఇమేజింగ్ (మమోగ్రామ్ లాంటి స్కాన్) చేయించకుండా ఆపరేషన్ డేట్ ఫిక్స్ చేసుకోవద్దు.