గర్భసంచి ఆపరేషన్ తర్వాత రక్తస్రావం: సమస్య - పరిష్కారం

గర్భసంచి తీసేశాక ఇక రక్తం కనిపించకూడదని చాలామంది అనుకుంటారు. కానీ గర్భసంచిని తొలగించిన చోట యోని పైభాగాన్ని కరిగిపోయే దారంతో కుట్టి మూస్తారు కాబట్టి, ఆ కుట్లు మానేదాకా, అంటే 4 నుంచి 6 వారాల వరకు, కొద్దిపాటి ఎరుపు లేదా గోధుమరంగు మరకలు కనిపించడం సహజమే. రంగును బట్టి కంగారుపడడం కన్నా, ఆపరేషనై ఎన్ని రోజులైంది, ప్యాడ్ ఎంతసేపటికి తడుస్తోంది, దుర్వాసన ఉందా అన్నవి చూడాలి.

తగ్గిపోతున్న మరక మళ్లీ పెరిగితే, ఎక్కువసార్లు కారణం శ్రమే. నీళ్ల బిందె ఎత్తడం ఒక్కటే శ్రమ కాదు, మలబద్ధకంతో ముక్కడం కూడా కుట్లపై ఒత్తిడి తెస్తుంది. పథ్యం పేరుతో నీళ్లు, కూరగాయలు తగ్గించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

రెండో వారంలో స్రావం దుర్వాసన వేస్తూ, 100.4 డిగ్రీల జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి. దానివల్ల రక్తనాళం తెరుచుకుని ఉన్నట్టుండి ఎక్కువ రక్తం పోవచ్చు గనుక, మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరు వారాలు దాటినా చుక్కలు ఆగకపోతే, మానిన చోట పెరిగిన మెత్తని కండ కారణం కావచ్చు. దానికి డాక్టరు వేసే సిల్వర్ నైట్రేట్ (ఆ కండను మాడ్చే మందు) పూత తరచుగా సరిపోతుంది. గర్భాశయ ముఖద్వారాన్ని ఉంచేసిన వారికి నెలనెలా కొద్దిగా కనిపించవచ్చు. అది ఉంచారో లేదో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది.

గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసినా, పెద్ద గడ్డలు పడినా, కలయిక తర్వాత తీవ్రమైన నొప్పితో రక్తమో నీరో ఒక్కసారిగా వచ్చినా 108కి ఫోన్ చేయాలి. బయటికి రక్తం అంతగా కనిపించకపోయినా కళ్లు తిరగడం, గుండె దడ, కడుపు ఉబ్బడం ఉంటే లోపల రక్తస్రావం జరుగుతుండవచ్చు. ఇది మరీ మోసకారి. రక్తం ఆపాలని యోని లోపల దూది, గుడ్డ పెట్టకూడదు. మత్తిచ్చి మళ్లీ కుట్లు వేయవలసి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినకుండా, తాగకుండా, డిశ్చార్జి కాగితాలతో పాటు తడిసిన ప్యాడ్‌ను కూడా కవరులో పెట్టి తీసుకెళ్లాలి. ఆస్పిరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే ఆ సంగతి అడగకముందే చెప్పాలి.