క్రైస్తవ సంఘంలో ఒకరి తప్పు ఎత్తిచూపడానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

• ముందు మీ కంట్లో దూలం, అంటే మీ సొంత పెద్ద తప్పు, చూసుకోండి. బైబిల్లో మత్తయి 7:5 ఎదుటివారి కంట్లో నలుసును, అంటే చిన్న తప్పును, వదిలేయమనడం లేదు, దూలం తీశాకే తేటగా కనబడుతుందంటోంది.

• మీరే చూశారా, లేక ఎవరో అంటే విన్నారా? ప్రొద్దుటూరులో పుట్టిన మాట జమ్మలమడుగు చేరేసరికి ఎంత పెరుగుతుందో మనకు తెలుసు. సంఘ పెద్దల మీద నింద అయితే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి (1 తిమోతి 5:19).

• మొదట ఒంటరిగానే వెళ్లండి (మత్తయి 18:15). కూటంలో "ఫలానా అన్న కోసం ప్రార్థించండి" అంటూ గుట్టు బయటపెట్టడం కూడా చాడీయే. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు.

• కోపంగా ఉంటే ఆ రోజు ఆగండి.

• "అన్నా, కాసేపు మాట్లాడుకుందామా?" అని మొదలుపెట్టండి. గలతీ 6:1 అడిగేది సాత్వికం.

• పిల్లలపై హింస అయితే మాత్రం "తీర్పు తీర్చకండి" అంటూ కప్పిపుచ్చకండి. వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.