ఇంట్లోకి షాట్‌గన్ కొనేముందు మీ వీసా, మీ గోడలు, మీ భుజం చూస్కోండి

గన్ సంగతి తర్వాత, ముందు మీ వీసా ఏంటో చూస్కోండి. టెక్సాస్‌లో ఉండే మనోళ్ళ కోసం రాస్తున్నా ఇది. హెచ్‌1బి, హెచ్4, ఎఫ్1, అమ్మానాన్న వచ్చే విజిటర్ వీసా, ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలే, వీటిమీద ఉన్నోళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం గన్ గానీ తూటా గానీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది నిజమే, కానీ గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నోళ్ళు లాయర్ని అడక్కుండా ఆ జోలికి పోవద్దు. షూటింగ్ రేంజ్‌కెళ్ళి అద్దె గన్‌తో నాలుగు రౌండ్లు కాల్చి ఫోటో పెట్టడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, చాలామందికి ఈ ముక్క తెలీదు. ఫ్రెండ్ కోసం మీ పేరు మీద కొనిపెట్టడం ఇంకా పెద్ద తప్పు, షాపులో నింపే ఫారం 4473లో గన్ నీకోసమేనా అని సూటిగా అడుగుతారు, అబద్ధం రాస్తే క్రిమినల్ కేసే.

గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి 18 నిండితే షాట్‌గన్ షాపులో కొనొచ్చు, ఆ ఫారం నింపితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. టెక్సాస్‌లో వేరే పర్మిట్ అక్కర్లేదు. న్యూజెర్సీలో ముందు గన్ కొనడానికని ఐడీ కార్డు తీస్కోవాలి, ఇల్లినాయ్‌లో ఫోయిడ్ కార్డు అనే గన్ ఓనర్ ఐడీ, కాలిఫోర్నియాలో 10 రోజులు ఆగాలి.

ఇక గేజ్. మనూళ్ళో బ్యాంకు గార్డు భుజానికుండే డబుల్ బ్యారెల్ని 12 బోర్ అంటాం కదా, ఇక్కడ 12 గేజ్ అంటే అదే. పౌండు సీసాన్ని కరిగించి 12 సమానమైన ఉండలు చేస్తే ఒక్కో ఉండ ఎంత లావుంటుందో గొట్టం లోపల అంత వెడల్పు. 20 గేజ్ అంటే 20 ఉండలు, అంటే గొట్టం సన్నం, కాల్చినప్పుడు మన భుజానికి తగిలే దెబ్బ కూడా కొంచెం తక్కువ. నేను మొదట మగాడన్నాక 12 గేజే అనుకుని ఫుల్ లోడ్ షెల్స్, అంటే మందు నిండా దట్టించిన తూటాలతో సహా తెచ్చా, మా ఆవిడ రేంజ్‌లో ఒక్కటంటే ఒక్కటి కాల్చి గన్ నా చేతిలో పెట్టి భుజం పట్టుకుని కూర్చుంది, మళ్ళీ ముట్టుకోలేదు. రాత్రి నేను ఊళ్ళో లేనప్పుడు వాడాల్సింది తనే కదా మరి. అప్పుడు 20 గేజ్‌కి మారాం.

ఇక్కడ అసలు విషయం స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, దాని పొడుగు. చాలా గన్‌లకి ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివర వరకు దాదాపు 14 అంగుళాలుంటుంది, అది ఆరడుగుల మనిషికి కుదురుతుంది గానీ ఐదడుగుల రెండంగుళాల మనిషికి చెయ్యి చాపేసినట్టుంటుంది, భుజంలో సరిగ్గా కూర్చోదు, అప్పుడే దెబ్బ ఎక్కువ తగుల్తుంది. మాస్‌బర్గ్ 500 అనే మోడల్లో బాంటమ్ అని పొట్టి స్టాక్‌తో వస్తుంది, లేదా మ్యాగ్‌పుల్ అనే కంపెనీ వాళ్ళ స్టాక్ వేస్కుంటే స్పేసర్లనే పలకలు తీసి పెట్టి పొడుగు మార్చుకోవచ్చు. షాపులో సిగ్గుపడకుండా ఇంట్లో అందరికన్నా పొట్టిగా ఉన్న మనిషి చేతికిచ్చి భుజాన పెట్టించి చూడండి.

మోడల్ గురించి గంటలు గంటలు కొట్టుకుంటారు జనం, అంత అవసరం లేదు. పంప్, అంటే ప్రతిసారీ చేత్తో లాగి షెల్ ఎక్కించే రకం కావాలంటే మాస్‌బర్గ్ 500 లేదా 590, రెమింగ్టన్ 870, డబ్బులు తక్కువుంటే మావెరిక్ 88, ఇది కూడా మాస్‌బర్గ్ వాళ్ళదే. మాస్‌బర్గ్ 500కి సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, గన్ పైన బొటనవేలి కింద ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్ళకి హాయి, 870కి, మావెరిక్‌కి ట్రిగ్గర్ దగ్గర అడ్డంగా నొక్కే బటన్. పంప్‌తో ఒక చిక్కుంది, భయంలో సగం లాగి వదిలేస్తే తర్వాతి షెల్ ఎక్కదు, దానికి ప్రాక్టీసే మందు. సెమీ ఆటో, అంటే బెరెట్టా 1301 లాంటిది, దెబ్బ తక్కువ, లాగే పని లేదు, ధర మాత్రం పంప్‌కి రెండు మూడు రెట్లు పైనే. బ్యారెల్ 18 అంగుళాలకి తగ్గకూడదు, తగ్గితే 1934 నాటి చట్టం కింద ముందుగా రిజిస్టర్ చేయించాల్సిన గన్ అయిపోతుంది, కాబట్టి యూట్యూబ్ చూసి రంపం తియ్యకండి.

షాపులో కౌంటర్ దగ్గరాయన నాతో "షాట్‌గన్‌కి గురి అక్కర్లేదు సార్, అటువైపు తిప్పి కాలిస్తే చాలు" అన్నాడు. శుద్ధ అబద్ధం. మామూలు బ్యారెల్లోంచి షెల్‌లో ఉండే చిన్న గుండ్లు గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయని ఒక మోటు లెక్క, హాల్లో ఐదు గజాల దూరంలో అంటే అరచేయంత. గురి తప్పితే మొత్తం తప్పినట్టే, తప్పినవన్నీ గోడలోకి. ఆ గోడ మన ఊరి ఇటుక గోడ కాదు, అరంగుళం షీట్‌రాక్ (జిప్సం బోర్డు) రెండు పలకలు, మధ్యలో ఖాళీ. బక్‌షాట్, అంటే పెద్ద సైజు గుండ్లు, వాటిని ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ పోతుంది. అందుకే గన్ కన్నా ముందు ఇల్లు చూడండి, పిల్లల గది ఎటుంది, పక్కింటోళ్ళ బెడ్రూమ్ ఎటుంది, ఎటు కాల్చకూడదో పగలే తేల్చుకోండి.

షెల్స్ దగ్గరకొస్తే, 7½ నంబర్ బర్డ్‌షాట్ ఆవగింజ కంటే కాస్త పెద్దది, పిట్టలకీ ప్రాక్టీసుకీ బాగుంటుంది, మనిషిని ఆపేంత లోతుకి నమ్మకంగా పోదు, అలాగని గోడ దాటదనుకోకండి, దగ్గర్నించి అది కూడా దాటుతుంది. స్లగ్ అంటే ఒకే పెద్ద గుండు, అది ఇంట్లో వద్దు. 00 బక్ శనగగింజంత, 2¾ అంగుళాల షెల్‌లో 8 లేదా 9 ఉంటాయి, 12 గేజ్‌కి ఎక్కువమంది వాడేది ఇదే. నంబర్ 4 బక్ కందిగింజంత, 27 దాకా ఉంటాయి, లోతు కొంచెం తక్కువ. జెల్ దిమ్మలోకి కాల్చి లోతు కొలిచే ఎఫ్‌బీఐ టెస్ట్‌లో అడిగేది కనీసం 12 అంగుళాలు, నంబర్ 4 ఆ గీతకి అటూ ఇటూగా ఉంటుంది. 20 గేజ్‌లో నంబర్ 3 బక్ దొరుకుతుంది, 20 గుండ్లు. నా ఓటు 12 గేజ్ వాళ్ళకి ఫెడరల్ కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్, 8 గుండ్లది, తక్కువ దెబ్బ రకం. దాంట్లో ఉండే ప్లాస్టిక్ కప్పు గుండ్లని కాస్త దూరం వరకు విడిపోకుండా పట్టుకుంటుంది. మూడంగుళాల మాగ్నమ్, అంటే ఇంకా పొడుగు, ఇంకా బలమైన షెల్, మీ భుజానికి శిక్ష తప్ప ఇంట్లో దానికి పనే లేదు.

ఏది కొన్నా ముందు ఒకే డబ్బా కొనండి. టేపు పట్టుకుని బెడ్రూమ్ తలుపు నుంచి ముందు తలుపు దాకా కొలవండి, మా ఇంట్లో 12 గజాలొచ్చింది, రేంజ్‌లో అంత దూరంలో పెద్ద కాగితం పెట్టి కాల్చి చూడండి. అదే షెల్ ఒక గన్‌లో గుప్పెడంత పడుతుంది, ఇంకో గన్‌లో చెల్లాచెదురుగా పడుతుంది, ఎవడి రివ్యూ చదివినా ఇది తెలీదు. ఒక్క గుండైనా కాగితం బయటికెళ్తే ఆ షెల్ మీ గన్‌కి పనికిరాదు.

ఇంకో సంగతి, ఇంట్లో 12, 20 రెండూ ఉంటే డబ్బాలు ఒకేచోట పెట్టకండి. 20 షెల్ 12 గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, వెనక 12 షెల్ ఎక్కించి కాలిస్తే బ్యారెల్ పేలుతుంది. 20 గేజ్ షెల్స్ పసుపు రంగులో చేసేది అందుకే. మేం పాత 12ని అమ్మేసింది కూడా అందుకే.

గన్‌కి లైటు పెట్టించండి, చీకట్లో ఎవరో చూడకుండా కాల్చే ప్రశ్నే లేదు, రాత్రి ఒంటిగంటకి వంటింట్లో చప్పుడు చేసేది ఎక్కువసార్లు మ్యాగీ చేసుకునే మనబ్బాయే. నిజంగా ఎవరైనా చొరబడితే ఇల్లంతా వెతుక్కుంటూ తిరక్కండి, పిల్లల్ని ఒక గదిలోకి చేర్చి తలుపేసి 911కి ఫోన్ చేసి లైన్లోనే ఉండండి.

దాచడం సంగతి. షాట్‌గన్‌లు కిందపడితే పేలే ప్రమాదం ఉంది, అందుకే గొట్టం లోపల షెల్ పెట్టకుండా దాని కింద షెల్స్ నింపే ట్యూబ్‌లో మాత్రమే పెట్టి తాళం వెయ్యాలి. టెక్సాస్‌లో 17 లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే అదో నేరం. మా దగ్గర గోడకి బిగించిన సేఫ్ ఉంది, కోడ్ నాకూ మా ఆవిడకే తెలుసు, ఇద్దరం గ్రీన్ కార్డే. మొన్న ఎండాకాలం మా నాన్న ఆర్నెల్లకొచ్చి "ఏరా, ఒకసారి చూపించరా" అని రోజూ అడిగాడు. ఆయనది విజిటర్ వీసా, తియ్యలేదు.